పదిహేనో మెట్టు

ఆ ఫోటోలో నేను చాలా బాగుంటాను. ఈ మాట నేనే చెప్పుకుంటే గొప్పలు పోతున్నట్టుంటుంది గానీ, ఉన్నమాట దాచి ఏం లాభం. నడుముకు కాషాయ పంచె, మెడలో రుద్రాక్షలు, నెత్తిన జడలు, ఒక చేత్తో తపసు మానును పట్టుకుని తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుని ఉంటాను. కడుపు మీద కండలు విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. మణికట్టు నుంచి మోచేయి దాకా నరాలు ఉబ్బి ఉంటాయి. ఎవరో పిల్లోడు తీసి ఫోన్లో పెడితే పదకొండు వేల మంది చూశారట. కింద ఒకాయన రాశాడు, అర్జునుడంటే ఇట్లా ఉండాలి అని.

నేను కళ్ళు మూసుకున్నది తపస్సుకు కాదు. అప్పటికి నా రెండు పిక్కలూ పట్టేశాయి. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. కిందికి చూస్తే పడిపోతానని భయమేసి మూసుకున్నాను. ఫోటో అడుగున, నా కాలి కింద, పసుపు మరకల్లాంటివి కొన్ని కనిపిస్తాయి. అవి తడి చీరలతో నేలమీద బోర్లా పడుకున్న ఆడవాళ్ళు. మొత్తం పంతొమ్మిది మంది. వాళ్ళలో మా అక్క లోహిత ఉంది.

మాది కొత్తమిట్ట. చిత్తూరు నుంచి పుత్తూరు పోయే బస్సు మా ఊరి ముందు ఆగుతుంది. మా వైపు ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్ళలో ఎండాకాలంలో పాండవుల కథ ఆడుతూ భారతం జాతర జరుపుతారు. అందులో ఒక రోజు అర్జున తపస్సు. అరవై అడుగుల మాను నాటి దానికి అడ్డంగా చెక్కలు కొడతారు. వాటిని మేం మెట్లంటాం. ఇరవై నాలుగు మెట్లు. అర్జునుడి వేషం కట్టినవాడు మెట్టుకొక పాట పాడుతూ పైకెక్కాలి. కొసన ఉన్న పీట మీద కూర్చుని అక్కడి నుంచి విభూతి, నిమ్మకాయలు విసరాలి. పిల్లలు లేని ఆడవాళ్ళు పొద్దున్నే తలకు పోసుకుని, తడి చీరలతో వచ్చి మాను చుట్టూ వరపడతారు. అంటే బోర్లా పడుకుని, కాయ పడిందాకా కదలకుండా ఉంటారు. వీపు మీదో పక్కనో కాయ పడితే దాన్ని కొంగులో ముడేసుకుని లేస్తారు. పాటలన్నీ అయ్యేసరికి రెండు గంటల పైనే పడుతుంది. మే నెల ఎండ. ఎవరూ ముందుగా లేవరు.

మా నాయన మునివెంకటప్ప ఇరవై ఏడేళ్ళు ఆ మాను ఎక్కాడు. ఆయనవి సన్నటి చేతులు, ముందుకు వచ్చిన చిన్న పొట్ట. ఒళ్ళంతా విభూతి పూసుకుని పంచె బిగించి నిలబడితే ఏ కోశానా వీరుడిలా ఉండేవాడు కాదు. అయినా ఆయన పొట్ట సంగతి ఎవరూ ఎత్తినట్టు నాకు గుర్తు లేదు. ఆయన మొదటి మెట్టు మీద కాలు పెట్టి, 'ఎక్కితి నొక మెట్టు ఈశ్వరా నీ కోసం' అని ఎత్తుకుంటే జాతరలో గాజులమ్మేవాళ్ళు కూడా బేరం ఆపేవాళ్ళు. ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. చిత్తూరులో డాక్టరు ఇంక మెట్లు ఎక్కొద్దన్నాడు. అప్పుడు ఊరి పెద్దలతో మాట్లాడి నాకు అర్జునుడి కంకణం కట్టించాడు.

మొదటి ఏడాది నేను బాగానే ఎక్కాను. బాగానే పాడాను. ఇరవై నాలుగు మెట్లూ ఎక్కి కాయలు విసిరి దిగాను. అక్క ఆ ఏడు రాలేదు, ఆసుపత్రిలో ఏదో వైద్యం నడుస్తున్నదని. తిరుచానూరులో నేను మేనేజరుగా ఉన్న లాడ్జికి తిరిగొచ్చాక ఫోన్లో ఆ వీడియో చూశాను. 'అర్జునుడు అన్నదానం పంక్తిలో నుంచి నేరుగా లేచొచ్చినట్టుండాడు' అని ఎవడో రాశాడు. దాని కింద నవ్వులే నవ్వులు. పొట్ట చూసి ఒకడు, చేతులు చూసి ఇంకొకడు. మా లాడ్జిలో గదులు ఊడ్చే అబ్బాయి కూడా చూసి ముసిముసిగా నవ్వాడు. ఆ నవ్వుల మధ్య ఎవరో ఒకావిడ, 'గొంతు అచ్చం వాళ్ళ నాయనదే' అని రాసింది. అది కూడా చదివాను. చదివి పక్కకు జరిపేశాను. నాకు రోషం ఎక్కువ. మంచిమాట ఒకటి, వెక్కిరింత పది ఉంటే నా కళ్ళకు ఆ పదే కనిపిస్తాయి.

అట్లా తర్వాతి తపస్సుకు మూడు నెలల ముందు షానవాజ్ జిమ్ములో చేరాను. తిరుపతిలో రైల్వే గేటు దగ్గర, పై అంతస్తులో ఉంటుంది. షానవాజ్‌ది చిత్తూరు. వాళ్ళ నాయన నవాబ్ సాహెబ్ అక్కడ పరుపులు కుట్టేవాడు. షానవాజ్ మాట తక్కువ, పని ఎక్కువ. నా వంక ఒకసారి కింది నుంచి పైకి చూసి, ఏం కావాలని అడిగాడు. మూడు నెలల్లో ఒళ్ళు మారిపోవాలన్నాను. ఎందుకన్నాడు. అక్కడ నేను మొదటి అబద్ధం ఆడాను. చిత్తూరులో చిన్న పోటీ ఉంది, స్టేజీ మీద మూడు నిమిషాలు నిలబడాలి అన్నాను. ముఖానికి రంగు పూసుకుని మాను ఎక్కుతానని చెబితే, బరువులెత్తేవాళ్ళందరూ కలిసి నన్ను ఏడిపిస్తారేమోనని.

మూడు నెలలు. పొద్దున అయిదింటికి లేవడం, ఉడికించిన కోడిగుడ్ల తెల్లసొన, ఉప్పు లేని కోడికూర, మళ్ళీ జిమ్ము. షానవాజ్ పద్ధతి ఒకటే. సెట్లు తక్కువే ఉంటాయి, కానీ ప్రతి సెట్టూ ఇక చేయి లేవని చోటు దాకా పోవాలి. ఇంక కాదు అని నోటితో అన్న తర్వాతే అసలు లెక్క మొదలవుతుందనేవాడు. నేను పళ్ళు బిగించి, కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే ఇంకొకటి లేపేవాణ్ణి. ఒకరోజు కాళ్ళ కసరత్తు చేసి మెట్లు దిగలేక, పిరుదుల మీద జారుకుంటూ దిగాను. అబద్ధం ఎందుకు, నాకు అది ఇష్టంగా ఉండేది. అద్దంలో వారానికొక కొత్త మనిషి కనిపిస్తుంటే ఎవరికి ఇష్టం ఉండదు. చొక్కాలు భుజాల దగ్గర పిగిలాయి. నడుము దగ్గర వదులయ్యాయి. లాడ్జికి వచ్చే యాత్రికులు, పోలీసా అని అడిగేవాళ్ళు.

పాటలు మాత్రం పక్కన పడ్డాయి. అంతకుముందు ఏడాది రోజూ పొద్దున గంటసేపు పాడుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ గంట జిమ్ముకు పోయింది. వచ్చిన పాటలే గదా, యాడికి పోతాయి అనుకున్నాను. ఉగాదికి ఊరికి పోతే నాయన ఒక పాట ఎత్తుకోమన్నాడు. ఎత్తుకున్నాను. రెండో చరణం సగంలో ఊపిరి చాలక తెగ్గొట్టాను. నాయన నా భుజాల వైపు చూశాడు, గొంతు వైపు చూశాడు. ఒళ్ళు బాగుండాది గాని ఊపిరి కురచైంది, రోజూ పాడు, అన్నాడు. సరేనన్నాను. పాడలేదు.

పోటీకి ముందు వారం ఏం చేయాలో షానవాజ్ కాగితం మీద రాసిచ్చాడు. మొదట నీళ్ళు బాగా తాగాలి, తర్వాత తగ్గిస్తూ రావాలి, ఆఖరు రోజున గొంతు తడుపుకోవడమే. ఉప్పు మానేయాలి. అప్పుడు చర్మం కండకు అంటుకుని ప్రతి నరం బయటికి వస్తుంది. స్టేజీ దిగిన వెంటనే నీళ్ళు తాగు, ఎండలో తిరగొద్దు, బరువు ఎత్తొద్దు అని మూడుసార్లు చెప్పాడు. తలూపాను. ఆ మనిషి అంత జాగ్రత్తగా చెప్పింది మూడు నిమిషాల కోసం. నేను ఎక్కబోయేది రెండు గంటల ఎండలో.

కంకణం కట్టుకున్నాక గుళ్ళోనే పడుకోవాలి, నీసు ముట్టకూడదు. గుడ్లూ కోడీ మానేసి, ప్రొటీన్ పొడి డబ్బా ఒకటి గుడికి తీసుకుపోయాను. ఏందిరా అది అని అడిగితే ఆయుర్వేదం అన్నాను. ఇక నీళ్ళు మానేసిన రోజు నుంచి జరిగిన తమాషా చెప్పాలి. మా అమ్మ సుబ్బులమ్మ గుడి దగ్గరికి అన్నం తెచ్చింది. వద్దన్నాను. నీళ్ళన్నా తాగమంది. వద్దన్నాను. ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని, చెంబు అట్లాగే తీసుకుని వెనక్కి వెళ్ళింది. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది, మునివెంకటప్ప కొడుకు నీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసం ఉన్నాడని. ముసలివాళ్ళు వచ్చి నా కాళ్ళకు దండం పెట్టారు. ఎనభై ఏళ్ళ సిద్ధమ్మ అవ్వ, వాళ్ళ నాయన కూడా ఇంత నిష్ఠగా లేడే అంది. నేను కాదనలేదు. నరాలు బయటికి రావడానికి దాహంతో చస్తున్నానని ఆమెకు ఎట్లా చెప్పేది. చెప్పి ఉండాల్సింది. నవ్వి ఊరుకునేవాళ్ళు, అంతే గదా.

తపస్సు రోజు పొద్దున వేషం వేసేటప్పుడు నాయన విభూతి తట్ట పట్టుకుని వచ్చాడు. ఒళ్ళంతా పూయాలి, అది ఆచారం. పూస్తే కండలు కనిపించవు. నుదుటికీ చేతులకూ మాత్రం చాలన్నాను. రొమ్ముకు కొబ్బరినూనె రాసుకున్నాను. నాయన ఒక్క క్షణం తట్ట పట్టుకుని నిలబడి, పక్కన పెట్టేశాడు. బయటికి రాగానే ఈలలు, చప్పట్లు. ఫోన్లన్నీ లేచాయి. ఆ పది అడుగులు నడుస్తుంటే నాకు కలిగిన సంతోషం నేను ఎప్పటికీ కాదనలేను. పోయినేడు నవ్వినవాళ్ళు ఈ గుంపులోనే ఎక్కడో ఉన్నారు, చూడండి అనుకున్నాను.

మాను దగ్గర ఇంకొక ఆచారం ఉంది. అది మా ఊళ్ళోనే ఉందో, ఇంకెక్కడన్నా ఉందో నాకు తెలియదు. వరపడే ఆడవాళ్ళు ఒక్కొక్కరూ తమ ఇంటి నుంచి గరిటెడు మజ్జిగ తెచ్చి ఒకే చెంబులో పోస్తారు. అందరిలోకీ ఎక్కువసార్లు వరపడినామె ఆ చెంబు అర్జునుడికి ఇస్తుంది. అతను అది కడుపునిండా తాగి ఎక్కాలి. వాళ్ళందరి మొక్కూ కడుపులో పెట్టుకుని ఎక్కుతున్నట్టు లెక్క. రెండు గంటలు ఎండలో పాడవలసినవాడికి ఆ చెంబెడు ఉప్పుమజ్జిగ ఎందుకు పోస్తారో, ఆచారం పెట్టిన పెద్దలకు బాగానే తెలుసు. నాకే తెలియలేదు.

ఆ ఏడాది చెంబు మా అక్క చేతిలో ఉంది. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆరుసార్లు వరపడింది. నగరిలో మా బావకు నాలుగు పవర్‌లూమ్ మగ్గాలున్నాయి. మంచివాడు, ఎప్పుడూ అక్కను ఒక మాట అనలేదు. మద్రాసు ఆసుపత్రులకు తిరిగారు, ఇంజక్షన్లు వేయించుకున్నారు. అక్కకు ముప్పై తొమ్మిది. నాకంటే ఆరేళ్ళు పెద్దది. చిన్నప్పుడు నాయన మాను ఎక్కుతుంటే నన్ను చంకనెత్తుకుని, ఇప్పుడు ఏడో మెట్టు, ఇప్పుడు ఎనిమిదో మెట్టు అని లెక్క చెప్పింది ఆమే. ఆ రోజు పసుపు చీర కట్టుకుని, తడి వెంట్రుకలతో, రెండు చేతులా చెంబు పట్టుకుని నా ముందు నిలబడింది.

"తాగి పో గుణా," అంది. "బాగా తాగు, ఎండ శానా ఉండాది."

చెంబు తీసుకుని ఎత్తాను. ఉప్పు, కరివేపాకు, అల్లం వాసన. ప్రాణం లాగేసింది. నాలుగు రోజులుగా ఉప్పు లేదు, రెండు రోజులుగా నీళ్ళు లేవు. పెదాలకు తాకించాను. అప్పుడే నా మొండితనం అడ్డుపడింది. ఇంత కష్టపడి ఇప్పుడు తాగితే పొట్ట ఉబ్బుతుంది, ఇంకో రెండు గంటలేగదా అనుకున్నాను. గుటక వేసినట్టు గొంతు కదిలించి, దండం పెట్టేవాడిలా మాను వైపు తిరిగి, పూజకు పోస్తే మాను మొదట్లో పారుతున్న పసుపునీళ్ళలో ఆ మజ్జిగంతా వంచేశాను. ఖాళీ చెంబు అక్క చేతికిచ్చాను. ఆమె తీసుకుంది. వెళ్ళి మిగతా పద్దెనిమిది మందితో పాటు బోర్లా పడుకుంది.

మొదటి ఆరు మెట్లు బాగానే నడిచాయి. నా వెనక తాళాలు, హార్మోనియం, గుంపులోంచి గోవిందలు. తొమ్మిదో పాటకు గొంతు గీరుకుపోయింది. పన్నెండో పాటలో చరణాలు మింగేశాను. చెమట పట్టడం ఆగిపోయింది, అది మంచిదేననుకున్నాను. పదమూడో మెట్టు మీద ఎడమ పిక్క రాయిలా గట్టిపడింది. పద్నాలుగు ఎట్లా ఎక్కానో తెలియదు. పదిహేనో మెట్టు మీద నిలబడి నోరు తెరిస్తే శబ్దం రాలేదు. రెండో కాలూ పట్టేసింది. కడుపులో కండలు, నేను అంత ప్రేమగా పెంచుకున్న ఆ కండలే, ఒక్కసారిగా ముడిపడి నన్ను ముందుకు వంచేశాయి. మానును కరుచుకుని తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాను.

కింద జనం దాన్ని తపస్సనుకున్నారు. అర్జునుడు ధ్యానంలో పడ్డాడని ఎవరో అన్నారు. గోవిందలు మిన్నుముట్టాయి. హారతి వెలిగించారు. నేను పడిపోతున్నాను, ఎవరన్నా రండి అని అరవాలనుకుంటే నోరు పెగలదు. వాళ్ళు నా వైపు చేతులు జోడించి నిలబడ్డారు. ఎంతసేపో తెలియదు. పావుగంట అని తర్వాత చెప్పారు. నాయన ఒక్కడికే అర్థమైంది. మా పెదనాన్న కొడుకు మునిప్రసాద్ కరెంటాఫీసులో లైన్‌మన్. నాయన అతని భుజం తట్టి, ఎక్కమన్నాడట. మునిప్రసాద్ తన నడుము బెల్టుతో నన్ను వీపుకు కట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగాడు.

దిగుతుంటే ఒకసారి కళ్ళు తెరిచాను. పంతొమ్మిది మంది అట్లాగే పడుకుని ఉన్నారు. ముఖం నేలకు ఉంది గనక వాళ్ళకు ఏమీ కనిపించదు. కాయ పడుతుందని ఎదురుచూస్తున్నారు. కాయలు నా నడుముకు కట్టిన సంచిలో ఉన్నాయి. గూడూరు నుంచి నాయన ఏరి తెప్పించిన కాయలు.

కంకణం కట్టుకున్నవాడు తప్ప వేరేవాళ్ళు పైకి పోయి కాయ విసరకూడదు. పూజారి వచ్చి ఆడవాళ్ళను ఒక్కొక్కరినీ లేపాడు. ఈ ఏడు ఇంతే, దేవుడి ఇష్టం అన్నాడు. కొందరు ఏడ్చారు. అక్క ఏడవలేదట. లేచి, చీరకంటిన మట్టి దులుపుకుని, ముందు నా దగ్గరికే వచ్చిందట. చిత్తూరు ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి చేతికి సెలైను, పక్కన ఆమె. అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నది, నా కొడుకు కఠిన ఉపవాసం ఉన్నాడు, ఎండకు తట్టుకోలేకపోయినాడు అని. డాక్టరు కిడ్నీలు కొంచెంలో దెబ్బతినకుండా తప్పాయన్నాడు. నాయన మంచం దగ్గర నిలబడి ఒకే మాట అడిగాడు, ఎన్నో మెట్టు అని. పదిహేను అన్నాను. ఆ తర్వాత ఆ సంగతి ఆయన నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నెల తర్వాత జిమ్ముకు వెళ్ళి షానవాజ్‌కు నిజం చెప్పాను. వింటూ వింటూ అతను చేతిలో ఉన్న డంబెల్ కింద పెట్టేశాడు.

"తపసు మాను ఎక్కుతానని చెప్పుంటే నీళ్ళు ఆపమంటానా అన్నా," అన్నాడు. "చిన్నప్పుడు మా అబ్బా భుజాల మీద కూర్చోబెట్టుకుని సూపించేవాడు. మాకూ ఒక నిమ్మకాయ దొరికింది. మా అమ్మ దాన్ని గల్లాపెట్టెలో పెట్టుకునింది."

అతను నవ్వుతాడని భయపడి కదా నేను దాచింది. ఇంక నేను ఆ జిమ్ము మెట్లు ఎక్కలేదు. ఆ ఒళ్ళు కూడా ఉండలేదు. మూడు నెలల్లో వచ్చింది, అయిదు నెలల్లో పోయింది.

కార్తీకమాసంలో నగరికి పోయాను. అక్కకు చెప్పుకోవాలని. బస్సు దిగిన దగ్గర నుంచి ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటూనే ఉన్నాను. వాళ్ళింట్లో ముందు గదిలో మగ్గాలు. వాటి మోతలో మాట వినపడదు. అక్క నన్ను చూసి, బావ బయటికి పోయినాడని చేతితో సైగ చేసి, స్విచ్చులు ఆపేసింది. నాలుగు మగ్గాలూ ఒక్కొక్కటే ఆగాయి. ఆమే మొదలుపెట్టింది.

"నువ్వు మజ్జిగ తాగలేదు గదరా."

తలెత్తలేకపోయాను. ఆ రోజు చెంబు అందుకున్నప్పుడే చూసిందట. పసుపునీళ్ళలో తెల్లగా మజ్జిగ పారుతూ తన కాళ్ళ దగ్గరికి వచ్చిందట. మాను చుట్టూ అందరూ ఉన్నారు, అప్పుడు ఆ మాట అంటే నా పరువు పోతుందని ఊరుకుందట. ఆ పారిన మజ్జిగ తడిలోనే పడుకుందట. ఈ ఆరునెలలు ఎవరికీ చెప్పలేదు, బావకు కూడా. అమ్మ ఉపవాసం కథ చెబుతుంటే తలూపుతూ కూర్చుంది. ఎందుకక్కా తాగమని మళ్ళీ అనలేదు అని అడిగాను. సిగ్గులేకుండా ఆ మాట అడిగాను.

"నీకు తెలిసే చేస్తా ఉండావనుకున్నాను," అంది. మగ్గం మీద చేయి ఆనించి, "కాయ పడుతుందనీ కాదు, పిల్లలు పుడతారనీ కాదురా. ఆ ఆశ ఎప్పుడో పోయింది. పడినా పడకపోయినా అదే కడాపటిసారి అని మీ బావా నేనూ అనుకుని వచ్చినాము. ఇరవై నాలుగు పాటలూ విని లేస్తే మనసుకు ఇంక సాలు అనిపిస్తుందని. సగంలో లేపేసినారు. పొద్దున లేస్తే ఇంకా ఆడనే పడుకుని ఉన్నట్టు ఉంటాది."

అన్ని నెలలూ నేను మెట్లన్నీ ఎక్కలేకపోయాననీ, పరువు పోయిందనీ, నాయనకు ముఖం చూపించలేననీ నా గురించే ఏడ్చాను. ఆమె దగ్గర నేను తీసుకున్నది ఏమిటో అప్పుడు తెలిసింది. ఆమె లేచి మళ్ళీ మగ్గాలు వేసింది. ఆ మోతలో నేను ఏడ్చాను. ఆమె నేతలో తెగిన దారం ముడేసుకుంటూ నన్ను చూడనట్టే ఉంది.

ఈ ఏడు కంకణం మునిప్రసాద్‌కు కట్టారు. రోజూ కరెంటు స్తంభాలెక్కేవాడు, భయం లేదన్నారు. నాలుగు నెలలు నాయన అతనికి పాటలు నేర్పాడు. నేను తిరుచానూరు నుంచి వచ్చి గుంపు వెనక నిలబడ్డాను. మునిప్రసాద్‌కు మంచి పొట్ట ఉంది. ఒళ్ళంతా విభూతి పూసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

అక్క వస్తుందని నేను అనుకోలేదు. వచ్చింది. తడి చీర కాదు, మామూలు చీర. వరపడడానికి రాలేదు. పోయినేడు తనతో పాటు వరపడినవాళ్ళే, ఎక్కువసార్లు వరపడింది నువ్వే, చెంబు నువ్వే ఇవ్వాలని పిలిపించారట. చెంబు మునిప్రసాద్ చేతికిచ్చి కదలకుండా నిలబడింది. అతను ఎత్తి తాగుతున్నంతసేపూ ఆమె చూపు అతని గొంతు మీదే ఉంది. గుటక గుటకకూ చూసింది. చెంబు తిరిగి తీసుకుని బోర్లించింది. ఒక్క చుక్క కూడా రాలలేదు. అప్పుడు పక్కకు తప్పుకుంది.

ఆడవాళ్ళు వరపడ్డారు. మునిప్రసాద్ మొదటి పాట ఎత్తుకున్నాడు. అక్క చెంబును చేతిసంచిలో పెట్టుకుని గుంపులోంచి బయటికి వస్తూ నన్ను చూసి, బస్టాండు దాకా వస్తావా అంది. నడిచాం. మైకు ఊరంతా వినిపిస్తుంది. రోడ్డు పక్క షెడ్డులో సిమెంటు అరుగు మీద కూర్చున్నాం. పన్నెండో పాట అయ్యేసరికి పుత్తూరు బస్సు వచ్చింది. అక్క లేవలేదు. కండక్టరు ఎక్కుతారా అని అడిగాడు. చేయి అడ్డంగా ఊపింది. బస్సు వెళ్ళిపోయింది.

"ఎన్నో మెట్టురా ఇప్పుడు?" అంది.

"పదమూడు."

పద్నాలుగు. పదిహేను. మునిప్రసాద్ గొంతు గొప్పదేమీ కాదు, కానీ నిండుగా ఉంది, తడిగా ఉంది. పదిహేనో పాట చివరి చరణం అయిపోయింది. తాళాలు ఆగాయి. అక్క చేతులు ఒళ్ళో బిగుసుకున్నాయి. పదహారో పాట మొదలైంది. ఆమె ఊపిరి వదిలింది, నాకు వినపడేటంతగా. తర్వాత ఇరవై నాలుగు దాకా కళ్ళు మూసుకుని విన్నది. అంతా అయ్యాక దూరం నుంచి జనం అరుపు వినిపించింది. కాయలు పడుతున్నాయన్నమాట. అక్క కళ్ళు తెరిచి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అయిపోయిందిలేరా," అంది.

ఇంకో బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఆ రెండు గంటలూ ఆమె పక్కన కూర్చుని ఒక్క పాటకు కూడా నేను గొంతు కలపలేదు. ఇరవై నాలుగూ నాకు నోటికి వచ్చు.